బ్యాటరీ నిండాక మిగిలే సోలార్ కరెంటుతో నీళ్లు కాగబెట్టుకోవాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. దేవరకొండలో మీ ఇంటి మీద 5 కిలోవాట్ల ప్యానెళ్లు, కింద ప్యానెళ్లనూ బ్యాటరీనీ గ్రిడ్‌నూ కలిపి నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్, 5 యూనిట్ల లిథియం బ్యాటరీ ఉన్నాయి. గ్రిడ్‌కు పంపిన కరెంటునూ తీసుకున్నదాన్నీ లెక్కగట్టే నెట్ మీటర్ ఇంకా రాలేదు, అందుకని గ్రిడ్‌కు కరెంటు పోకుండా సెట్టింగ్ పెట్టారు. ఈ చలికాలంలో పదకొండున్నరకల్లా బ్యాటరీ నిండిపోతోంది, ఆ తర్వాతి ఎండంతా వృథా అవుతోంది. ఇంట్లో ఐదుగురు. 25 లీటర్ల గీజరు, 2 కిలోవాట్లది. బోరు నీళ్లు. మిగిలే కరెంటుతో నీళ్లు కాగబెట్టుకోవచ్చా, బ్యాటరీ ముందా నీళ్లు ముందా, ఎలక్ట్రీషియన్ చెప్పినట్టు గీజర్‌ను కరెంటు పోయినప్పుడూ నడిచే ఇన్వర్టర్ బ్యాకప్ లైనుకు కలిపేస్తే సరిపోతుందా అని అడిగారు.

కాగబెట్టుకోవచ్చు. కానీ బ్యాటరీయే ముందు, నీళ్లు తర్వాత. బ్యాకప్ లైనుకు మాత్రం గీజర్‌ను కలపొద్దు. నేను మహబూబ్‌నగర్, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ వైపు ఇళ్లకు సోలార్ బిగిస్తుంటాను. ఇదే ప్రశ్న చలికాలం రాగానే చాలామంది అడుగుతారు. బ్యాటరీలో దాచిన కరెంటును గీజర్‌కు తగలేయకుండా ఉంటే చాలు, ఈ పనిలో సగం నష్టం తప్పినట్టే.

ఎందుకో లెక్క చూడండి. ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కిలోక్యాలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటులో 860 కిలోక్యాలరీలు ఉంటాయి. చలికాలం తెల్లవారుజామున డాబా మీది ట్యాంకు నీళ్లు 22 డిగ్రీల దాకా దిగుతాయనుకుందాం. ఒంటికి హాయిగా తగిలే వేడి 42 డిగ్రీలు. అంటే 20 లీటర్ల బకెట్టుకు 400 కిలోక్యాలరీలు, అర యూనిట్ కంటే కాస్త తక్కువ. ఐదుగురికి ఐదు బకెట్లు అంటే దాదాపు 2.3 యూనిట్లు. మీ ఇంట్లో స్నానాల ఖర్చు మొత్తం ఇంతే. చెంబూ బకెట్టూ వాడే ఇళ్లలో వేడినీళ్లకు కరెంటు ఎంతో అవుతుందని భయపడతారు గానీ, షవర్ కింద నిలబడే అలవాటు లేకపోతే అంత కాదు.

ఆ 2.3 యూనిట్లను బ్యాటరీలోంచి తీస్తే ఏమవుతుందో చూడండి. మీ 5 యూనిట్ల బ్యాటరీలో దాదాపు సగం తెల్లారేసరికి బాత్రూంలోకి పోతుంది. రాత్రంతా ఫ్రిజ్, ఫ్యాన్లు, రూటర్ తిన్నాక ఇంకేం మిగులుతుంది? పొద్దున ఆరింటికి కరెంటు పోతే ఇల్లు చీకటే. ఖర్చు సంగతీ చూద్దాం. బ్యాటరీకి లక్ష రూపాయలు పెట్టారనుకుందాం. 4,000 సైకిళ్లు (ఒకసారి నిండి ఖాళీ అయితే ఒక సైకిల్) పనిచేసి, సైకిల్‌కు 4 యూనిట్లు ఇస్తే జీవితకాలంలో 16,000 యూనిట్లు. అంటే ప్యానెళ్ల ఖర్చు కలపకుండానే, బ్యాటరీలో పెట్టి తీసిన ప్రతి యూనిట్‌కు ఆరు రూపాయల పావలా పడుతోంది. పైగా ఎక్కించి దించడంలో పదో వంతు దాకా పోతుంది. మీకు పడిన ధర వేరైతే ఇదే లెక్కలో ఆ అంకె వేసుకోండి. అంత ఖరీదైన కరెంటు ఫ్యానుకూ లైటుకూ వాడాలి. వేడి దాచుకోవడానికి మంచి ఇన్సులేషన్ ఉన్న నీళ్ల ట్యాంకు చాలు. దానికి సైకిళ్ల లెక్క లేదు.

ఇక మన దగ్గర ఈ పద్ధతి బాగా కుదరడానికి ఒక కారణం ఉంది. చలి దేశాల్లో వేడినీళ్లు ఎక్కువ కావాల్సిన కాలంలోనే ఎండ ఉండదు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ప్యానెళ్లు చల్లగా ఉండి బాగా ఇస్తాయి, ఏసీలూ కూలర్లూ నడవవు. వేడినీళ్ల అవసరమూ మిగులూ ఒకే కాలంలో వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నల్లా తిప్పితే చేయి కాలుతుంది, అప్పుడు గీజరే అక్కర్లేదు. దాని ఎంసీబీ (బోర్డులోని ట్రిప్ స్విచ్) దించేసి ఆ కరెంటు కూలర్‌కో ఏసీకో ఇవ్వండి. కాస్త చిక్కు వచ్చేది జులై, ఆగస్టు ముసురు రోజుల్లో. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు మీ 25 లీటర్ల గీజర్ దగ్గరికి వద్దాం. మధ్యాహ్నం 25 డిగ్రీల నీళ్లను 60కి తీసుకెళ్లడానికి దానికి ఒక్క యూనిట్ చాలు. 2 కిలోవాట్ల కాయిల్ కాబట్టి అరగంటలో, అనుకున్న వేడి రాగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ కట్ అయిపోతుంది. అక్కడితో దాని ఆకలి తీరింది. మీ ప్యానెళ్లు రోజుకు సగటున 20 యూనిట్ల దాకా ఇస్తాయి. పగటి వాడకం ఐదు, బ్యాటరీకి నాలుగైదు పోగా పది దాకా మిగులుతున్నప్పుడు గీజర్ తీసుకునేది ఒకటే. మరోవైపు అది తెల్లారేదాకా చల్లారుతూ ఉంటుంది. మంచి ఇన్సులేషన్ ఉన్న గీజరైనా మధ్యాహ్నం రెండింటికి 60 ఉంటే పొద్దున ఏడింటికి 50 దగ్గరికి వస్తుంది. 50 డిగ్రీల 25 లీటర్లకు చన్నీళ్లు కలిపితే రెండు బకెట్లు కూడా పూర్తిగా రావు. ఐదుగురిలో ఇద్దరికి సరి, మిగతా ముగ్గురికి మళ్లీ స్విచ్ వేయాల్సిందే.

కాబట్టి మీ ముందు రెండు దారులున్నాయి. ఇంట్లో కొందరికి మధ్యాహ్నమో సాయంత్రమో స్నానం అలవాటుంటే, ముఖ్యంగా పొలం నుంచో షాపు నుంచో వచ్చాక చేసేవాళ్లుంటే, ఉన్న గీజర్‌తోనే నడపొచ్చు. మూడింటిలోపు ఇద్దరు చేస్తే మిగిలిన ఎండలో అది మళ్లీ కాగుతుంది. అందరూ పొద్దున్నే చేసే ఇల్లయితే 100 లీటర్ల స్టోరేజ్ గీజర్ పెట్టుకోండి. దాన్ని 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి దాదాపు 4 యూనిట్లు పడుతుంది. తెల్లారి 52కు దిగినా ఏడు బకెట్లకు పైగా వస్తాయి, గిన్నెలు కడుక్కోవడానికీ మిగులుతాయి. కొనేటప్పుడు ఎంత త్వరగా కాగుతుందో చూడొద్దు. కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ ఇచ్చే స్టార్లు ఎన్నున్నాయో చూడండి. స్టోరేజ్ గీజర్లకు ఆ స్టార్లు ఇచ్చేది ఊరకే ఉన్నప్పుడు ఎంత వేడి పోతుందన్న దాని మీదే, మీకు కావాల్సిందీ అదే. కాయిల్ 3 కిలోవాట్లది వద్దు, ఒకటిన్నర దొరికితే మేలు. చిన్న కాయిల్ మూడు గంటలు మెల్లగా కాగబెడుతుంది, మధ్యలో మబ్బు పట్టినా బ్యాటరీని లాగదు. అదే 3 కిలోవాట్లదైతే మబ్బు రాగానే లోటంతా బ్యాటరీ మీద పడుతుంది. అదే సమయంలో బోరు మోటరు స్టార్టయితే ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని ఆగిపోవచ్చు. మోటరు స్టార్టింగులో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుందని గుర్తుంచుకోండి.

మోటరు మాట వచ్చింది కాబట్టి ఒక మాట. గీజర్ కంటే ముందు మోటరును పగటికి మార్చండి. పైసా ఖర్చు లేని పని. ట్యాంకు నింపడం, వాషింగ్ మెషిన్, గ్రైండర్ అన్నీ పదిన్నర, మూడు గంటల మధ్య పెట్టుకుంటే మిగులులో కొంత అక్కడే ఉపయోగపడుతుంది. ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పాలి, సోలార్ పెట్టించినవాళ్లకు తెలిస్తే చాలదు.

ఇప్పుడు అసలు చిక్కు. మీరు వీడియోల్లో చూసిన సోలార్ డైవర్టర్ అనే పెట్టె మీ ఇంట్లో పనిచేయదు. అది మీటర్ దగ్గర ఒక సీటీ కాయిల్ (వైరులో పోయే కరెంటును కొలిచేది) బిగించి, గ్రిడ్‌లోకి ఎంత కరెంటు పోతోందో చూసి, పోయేదాన్ని గీజర్‌కు మళ్లిస్తుంది. మీ దగ్గర గ్రిడ్‌కు పోయేది సున్నా. బ్యాటరీ నిండగానే ఇన్వర్టర్ ప్యానెళ్లనే తగ్గించేస్తుంది. మధ్యాహ్నం పన్నెండింటికి స్క్రీన్ మీద 600 వాట్లని కనిపిస్తే ప్యానెళ్లు బలహీనపడ్డాయనుకోవద్దు, ఇల్లు అడిగింది అంతే. నమ్మకం కుదరకపోతే బ్యాటరీ నిండిన వేళ ఇస్త్రీపెట్టె వేసి చూడండి, కొన్ని సెకండ్లలోనే ఆ అంకె పెరుగుతుంది. అంటే మీ మిగులు ఏ మీటర్‌కూ కనిపించదు. కాబట్టి గీజర్‌ను ఆన్ చేయడానికి బ్యాటరీ శాతాన్నే గుర్తుగా తీసుకోవాలి.

చాలా హైబ్రిడ్ ఇన్వర్టర్లలో దీనికి ఏర్పాటు ఉంటుంది. కొన్నింటికి స్మార్ట్ లోడ్ అని, బ్యాటరీ శాతాన్ని బట్టి ఆన్ అయ్యే అవుట్‌పుట్ ఉంటుంది. కొన్నింటిలో జనరేటర్ కనెక్షన్‌నే స్మార్ట్ లోడ్‌గా మార్చుకోవచ్చు. ఇంకొన్నింటిలో డ్రై కాంటాక్ట్ అనే చిన్న రిలే ఉంటుంది, దానితో ఒక కాంటాక్టర్‌ను (పెద్ద లోడును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) నడిపించాలి. ఆ రిలేకు నేరుగా గీజర్‌ను కలిపితే కాలిపోతుంది, ఈ విషయం మీ ఎలక్ట్రీషియన్‌కు గట్టిగా చెప్పండి. సెట్టింగులో బ్యాటరీ 95 శాతం దాటితే ఆన్, 85కు దిగితే ఆఫ్ అని పెట్టండి. మీ బ్యాటరీలో ఆ పది శాతం అంటే అర యూనిట్, అంతవరకు పోయినా ఫరవాలేదు. ఆన్‌కూ ఆఫ్‌కూ మధ్య తేడా మరీ తక్కువ పెడితే మబ్బులు ఆడే రోజున కాంటాక్టర్ టకటకా కొట్టుకుంటూ పాడవుతుంది. దానికి తోడు ఒక టైమర్ పెట్టి, పదకొండు నుంచి మూడున్నర దాకానే దారి తెరిచి ఉంచండి. మూడున్నర దాటాక ఎండ వాలుతుంది, ఆ తర్వాత బ్యాటరీలో తగ్గింది మళ్లీ నిండదు.

ఒక సెట్టింగ్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. స్మార్ట్ లోడ్ పేజీలో గ్రిడ్ ఉన్నప్పుడు ఎప్పుడూ ఆన్‌లో ఉంచు అనే అర్థం వచ్చే ఆప్షన్ కొన్ని ఇన్వర్టర్లలో ఉంటుంది. అది టిక్ అయి ఉంటే బ్యాటరీ శాతంతో పని లేకుండా గీజర్ గ్రిడ్ కరెంటు తింటూనే ఉంటుంది. సోలార్‌తోనే కాగుతున్నాయని మనం నమ్ముతాం, నెలాఖరున బిల్లు వేరే మాట చెబుతుంది. బిగించిన రోజే ఆ టిక్ తీయించండి. మబ్బు ఉన్న రోజొకటి చూసి యాప్‌లో గ్రాఫ్ పరిశీలించండి. మధ్యాహ్నం గీజర్ మెట్టు లేచినప్పుడు దాని కింద ప్యానెళ్ల గీత కూడా లేచిందా, గ్రిడ్ గీత లేచిందా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

బ్యాకప్ లైనుకు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసే ఉంటుంది. ఆ లైనుకు శాతాలూ సమయాలూ తెలియవు. కరెంటు పోయిన రాత్రి ఎవరో తెలియక గీజర్ వేస్తే గంటకు 2 యూనిట్ల చొప్పున బ్యాటరీ ఊడ్చుకుపోతుంది.

ముసురు రోజులకు ఒక సెలెక్టర్ స్విచ్ పెట్టించండి: సోలార్, ఆఫ్, గ్రిడ్ అని మూడు స్థానాలు. ఫేజూ న్యూట్రలూ రెండూ మారే రకమే కావాలి. ఒక్క ఫేజే మారిస్తే న్యూట్రళ్లు కలిసిపోయి, కరెంటు లీకైతే లైను కట్ చేసే ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంది, అప్పుడు విసుగెత్తి ఆర్‌సీసీబీనే తీసేసేవాళ్లున్నారు. బాత్రూంలో తడి ఒంటితో నిలబడే చోట 30 మిల్లీ ఆంప్‌ల ఆర్‌సీసీబీ లేకుండా గీజర్ వాడటం ప్రాణాలతో చెలగాటం. ఇంకో సంగతి. కరెంటు పోయి ఇన్వర్టర్ సొంతంగా నడుస్తున్నప్పుడు దాని న్యూట్రల్ ఎర్త్‌కు కలవకపోతే లీకేజీ ఉన్నా ఆర్‌సీసీబీ పడదు. దాని మీది టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం టక్కున పడుతుంది, అందుకే అంతా బాగుందనుకుంటాం. ఆ బటన్‌కు ఎర్త్‌తో పని లేదు. మెయిన్ ఆపేసి, ఇన్వర్టర్ మీద ఉండగా, ఆర్‌సీసీబీ టెస్టర్‌తో బాత్రూం ప్లగ్గు దగ్గరే చూడమనండి. ఎలక్ట్రీషియన్ దగ్గర టెస్టర్ లేదంటే ఉన్నవాణ్ని పిలవండి. వైరు 4 స్క్వేర్ ఎంఎం రాగిది, 2 కిలోవాట్లకు 16 ఆంప్‌ల ఎంసీబీ సరిపోతుంది.

ప్యానెళ్ల నుంచి నేరుగా డీసీ కరెంటును గీజర్‌కు కలిపే పద్ధతి ఒకటి వీడియోల్లో తిరుగుతోంది. ఇన్వర్టర్ ఖర్చు లేదని ఆశ పెడతారు. దయచేసి చేయకండి. గీజర్ థర్మోస్టాట్ ఏసీ కోసం తయారైంది. ఏసీలో కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి కాంటాక్టు విడిపోయేటప్పుడు నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీలో సున్నా రాదు, రవ్వ ఆరదు, కాంటాక్టులు అతుక్కుపోతాయి. అతుక్కున్నాక నీళ్లు మరిగినా కట్ అయ్యేది లేదు. ఆ పైన సేఫ్టీ వాల్వు ఉప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటే ట్యాంకు పేలొచ్చు.

ఉప్పు సంగతి మన బోరు నీళ్లతో మామూలు సమస్య కాదు. నీళ్లు కాగినప్పుడు అందులో కరిగి ఉన్న సున్నం కాయిల్ మీద తెల్లగా గట్టి పొరలా పేరుకుంటుంది. 60 డిగ్రీలు దాటితే మరీ త్వరగా. ఎండ ఉచితమే కదా అని థర్మోస్టాట్‌ను 75, 80కి తిప్పేవాళ్లు ఉంటారు. ఎక్కువ వేడి దాచుకుంటామన్న ఆశతో కాయిల్‌ను చంపుకోవడమే అది. 60 దగ్గర ఉంచండి. అలాగని 45కి దించకండి, గోరువెచ్చటి నీళ్లు రోజుల తరబడి నిలిస్తే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఏటా చలికాలం ముందు ట్యాంకు విప్పించి, కాయిల్ గీకించి, లోపలి మెగ్నీషియం రాడ్ చూడండి. పెన్సిల్‌లా సన్నబడి ఉంటే మార్చేయండి. ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడేది అదే. సేఫ్టీ వాల్వు పిన్ను అప్పుడప్పుడు లేపి నీళ్లు వస్తున్నాయో లేదో చూడండి.

ఇదే చోట నల్లగొండ జిల్లా వాళ్లకు ఒక హెచ్చరిక. గీజర్‌లో వేడినీళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటే అన్నానికి ఎసరూ, చాయికి నీళ్లూ అక్కడి నుంచే పట్టుకోవడం అలవాటవుతుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే కాగబెట్టినంత మాత్రాన పోదు. మరిగించి ఇంకిస్తే మిగిలిన నీటిలో దాని పాళ్లు ఇంకా పెరుగుతాయి. వంటకూ తాగడానికీ నల్లాలో వచ్చే మిషన్ భగీరథ నీళ్లే వాడండి, గీజర్ నీళ్లు స్నానానికీ గిన్నెలకూ.

చివరికి నెట్ మీటర్ విషయం. ముఖ్యమైంది, ఎందుకంటే అది వచ్చిన రోజున పైన చెప్పిన లెక్క మారుతుంది. మధ్యాహ్నం మీరు గ్రిడ్‌కు పంపిన యూనిట్, తెల్లవారుజామున మీరు గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్‌తో చెల్లు అవుతుంది. అప్పుడు మధ్యాహ్నం కాగబెట్టి పదహారు గంటలు చల్లార్చుకోవడం కంటే, మిగులును గ్రిడ్‌కు పంపి పొద్దున ఐదున్నరకు గ్రిడ్ మీదే గీజర్ వేసుకోవడం మేలు. దాచినందువల్ల పోయే వేడి కూడా ఉండదు. అందుకే నెట్ మీటర్ నెల, రెండు నెలల్లో వచ్చేలా ఉంటే కాంటాక్టర్లూ కొత్త ట్యాంకూ అంటూ డబ్బు పెట్టకండి. అప్పటిదాకా పన్నెండింటికి చేత్తో స్విచ్ వేసి, ఉన్న గీజర్‌తోనే సరిపెట్టుకోండి. దరఖాస్తు ఎక్కడ ఆగిందో మీ కరెంటు సెక్షన్ ఆఫీసుకు వెళ్లి కనుక్కోండి. నెట్ మీటర్ లేనంతకాలం పోతున్న నష్టం గీజర్ తీర్చేది కాదు. 100 లీటర్ల ట్యాంకు పెట్టినా మీ పది యూనిట్ల మిగులులో నాలుగే దానికి పోతాయి.

నెట్ మీటర్ ఉన్నా మధ్యాహ్నం గీజర్ వేయడం పనికొచ్చే చోటు ఒకటుంది. ఊరి చివర, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న ఇళ్లలో మధ్యాహ్నం సోలార్ ఎక్కువై వోల్టేజీ 250 దాటి, ఇన్వర్టర్ హై వోల్టేజ్ అని చూపించి ఆగిపోతుంటుంది. ఆ సమయంలో ఇంట్లోనే 2 కిలోవాట్లు వాడితే వోల్టేజీ కాస్త దిగి ఇన్వర్టర్ నిలబడుతుంది. ఇది మీ ఇంటికి వర్తిస్తుందో లేదో యాప్‌లో ఎర్రర్ల జాబితా చూస్తే తెలుస్తుంది.

డబ్బు లెక్క వేసేటప్పుడు బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి సగటు తీయకండి. సోలార్ వల్ల తగ్గే యూనిట్లు పై స్లాబు నుంచి తగ్గుతాయి. నెలకు 200 దాటిన ఇళ్లకు మొదటి 200 యూనిట్లు 5.10 రూపాయల చొప్పున, 201 నుంచి 300 దాకా 7.70, ఆపైన 400 దాకా 9 రూపాయలు. మీ బిల్లు 320 యూనిట్ల దగ్గర ఉంటే గీజర్ వల్ల తగ్గే మొదటి 20 యూనిట్ల విలువ తొమ్మిదేసి రూపాయలు. ఇక ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్లలోపు సున్నా బిల్లు వచ్చే ఇంటికి ఈ ఏర్పాటంతా అక్కర్లేదు.

సోలార్ ఇంకా పెట్టించని పక్కింటివాళ్లు ఇది చూసి, నీళ్లు కాగబెట్టడానికే ప్యానెళ్లు పెట్టిస్తామంటే వద్దనండి. వేడినీళ్లకే అయితే గాజు గొట్టాల సోలార్ వాటర్ హీటర్ తక్కువ జాగాలో, తక్కువ ఖర్చుతో ఆ పని చేస్తుంది. ప్యానెల్ ఎండలో ఐదో వంతునే కరెంటు చేస్తుంది, గాజు గొట్టాలు సగం దాకా వేడిగా పట్టుకుంటాయి. వాళ్లవీ బోరు నీళ్లే కాబట్టి గొట్టాలను ఏడాదికోసారి దించి అడుగున చేరిన ఉప్పు కడగాల్సి ఉంటుంది, ఆ ఓపిక ఉంటేనే పెట్టుకోమనండి.